లేవని రాసిన చెట్లు

మాణిక్యాంబకి ప్రశ్న పుట్టడమంటే కంట్లో నలుసు పడ్డట్టే. అది బయటికి వచ్చేదాకా ఇంకో పని తోచదు. మెట్రోలో పక్కనున్న అమ్మాయి ఒళ్లో పొడుగాటి పెట్టె కనబడితే అందులో ఏముందో తెలుసుకోకుండా దిగదు. ఒకసారి అలాగే తన స్టేషన్ దాటిపోయి, సారంగీ వాయించడం ఎంత కష్టమో మాత్రం బోలెడంత తెలుసుకుని ఇంటికొచ్చింది. "నువ్వు సీబీఐలో చేరవలసిన మనిషివి, పొరపాటున నన్ను చేసుకున్నావు" అంటాడు భర్త పద్మనాభం. ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఫైలు తన బల్ల మీదికి రానంతవరకు లోకంలో ఏ సమస్యా లేదనుకునే స్వభావం ఆయనది. ఇద్దరూ పాతికేళ్లుగా ఢిల్లీ ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో కాపురముంటున్నారు. ఒకరినొకరు మార్చాలన్న ఆశ ఎప్పుడో వదిలేసుకున్నారు.

కూతురు ప్రణతి ఉద్యోగానికి పుణె వెళ్లిపోయాక మాణిక్యాంబకి పగళ్లు మరీ పొడుగైపోయాయి. కాలనీలో ఎవరో చెబితే నోయిడా సెక్టర్ అరవై రెండులో ఒక చిన్న కంపెనీకి వెళ్లి, యాభై దాటిన వయసులో మొదటిసారి ఉద్యోగంలో చేరింది. ఏం ఉద్యోగమని చుట్టాలు అడిగితే "కంప్యూటర్లో చెట్లకి సున్నాలు చుడతాను" అని చెప్పేది. వేళాకోళమాడుతోందని వాళ్లనుకునేవాళ్లు. అది అక్షరాలా నిజం.

ఎక్కడో పెద్ద పెద్ద ఫ్యాక్టరీలవాళ్లు పొగ వదులుతారు. ఆ పొగలోని బొగ్గుని చెట్లు లోపలికి తీసుకుని కలపగా దాచుకుంటాయి కదా. అందుకని పొలాల్లో చెట్లు పెంచే రైతులకి, ఆ చెట్లు నరక్కుండా ఉంచినంత కాలం, ఆ ఫ్యాక్టరీలవాళ్లు ఏటా కొంత డబ్బిస్తారట. అసలు పొలంలో చెట్టు ఉందో లేదో ముందు తేలాలి. ఢిల్లీ చుట్టూ ఉన్న జిల్లాల్లో గట్టు గట్టుకీ తిరిగి చూసేదెవరు? అందుకే ఆకాశం నుంచి తీసిన ఫొటోలు కొంటారు. మాణిక్యాంబా, ఆవిడతోపాటు ఓ పదిమంది పిల్లలూ ఆ ఫొటోల ముందు కూర్చుని, చెట్టు కనబడిన చోటల్లా సున్నా చుట్టాలి. సున్నాలున్న పొలం జాబితాలోకి వెళ్తుంది. ఒక్క సున్నా కూడా లేని పొలం మీద 'చెట్లు లేవు' అని రాసి వదిలేస్తే అది జాబితా నుంచి జారిపోతుంది. చిన్నప్పటి నుంచీ వాకిట్లో ముగ్గులు పెట్టిన చెయ్యి కాబట్టి మాణిక్యాంబ అందరికంటే త్వరగా చుట్టేది. పిల్లలకి అనుమానం వస్తే "ఆంటీని అడుగు" అనేవాళ్లు.

ఆ కీర్తే ఆవిడ కొంప ముంచింది.

ఈ ప్రాంతంలో ఆకాశం ఫొటోకి ఓ పట్టాన లొంగదు. వానాకాలం మబ్బులు, దీపావళి తర్వాత పొగ, ఆ వెనకే మంచు. ఫిబ్రవరి మొదటివారంలో కాస్త తెరిపిస్తుంది. కంపెనీ కొన్న ఫొటోలన్నీ ఆ వారంలోవే. వాటిలో హాపుడ్ జిల్లా వైపు పొలాలు కొన్ని విచిత్రంగా కనిపించాయి. పచ్చటి గోధుమ చేను మీద సన్నటి నల్లచారలు, దువ్వెనతో గీసినట్టు వరసగా, అన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి. ఇవేమిటి ఆంటీ అని పిల్లలు మూగారు. మాణిక్యాంబ పుట్టింది రావులపాలెం దగ్గర గోదావరి లంకలో. అక్కడ దొండ, కాకర, పొట్ల అన్నీ పందిళ్ల మీదే పాకుతాయి. అలా వరసగా పాతిన గుంజల నీడలు చూస్తూ పెరిగిన మనిషి. "ఇవి పందిరి గుంజలు. కూరపాదులు వేస్తారు, ఇంకా పాకలేదంతే. వదిలెయ్యండి" అని తేల్చేసింది. చెట్లయితే పచ్చటి గొడుగులు కనబడొద్దూ?

ఎవ్వరూ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకి తెలిస్తే కదా! రెండు రోజుల్లో ఆ మాట ఆఫీసంతా పాకింది. మేరఠ్ కుర్రాడూ, పట్నా అమ్మాయీ కూడా చారల పొలం రాగానే "పందిరి హై, ఛోడో" అని 'చెట్లు లేవు' కొట్టి ముందుకెళ్లేవాళ్లు. తన ఊరి మాట వాళ్ల నోట్లో వింటుంటే మాణిక్యాంబకి లోపల్లోపల మహా సంబరంగా ఉండేది.

మార్చి చివర్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం, జాబితా ముగించడానికి సోమవారం ఒక్కటే మిగిలి ఉండగా, పాత పనిని ఒకసారి సరిచూస్తూ ఆవిడ ఒక పొలం దగ్గర ఆగిపోయింది. చారల పొలమే. మూల మీద నీళ్ల మోటారు పెట్టుకునే కొట్టు ఉంది. కొట్టు నీడ దాని పక్కనే పొట్టిగా పడింది. పందిరి గుంజ నీడ మాత్రం ఆ నీడకి నాలుగింతలుంది.

కొట్టు ఎత్తు మనిషి మీద ఇంకో మూర అనుకుందాం. దానికి నాలుగింతలంటే మూడంతస్తుల మేడ! కాకరకాయలు కొయ్యడానికి ఏ రైతు మూడంతస్తుల నిచ్చెన వేసుకుంటాడు? మాణిక్యాంబ కుర్చీలో వెనక్కి వాలింది, మళ్లీ ముందుకి వంగింది. ఇంకో చారల పొలం తెరిచింది. అక్కడ కొట్టు లేదు గానీ గట్టున కరెంటు స్తంభం ఉంది, దాని నీడ కూడా చారల ముందు పొట్టిగానే ఉంది. నలుసు కంట్లో పడిపోయింది.

టీం లీడరు శశిధర్ కరీంనగర్ కుర్రాడు. మంచివాడే, కానీ సోమవారం తలమీదికి వచ్చేసింది. "ఏందాంటీ, మీరే పందిరన్నరు, మీరే కాదంటున్నరు. ఇప్పుడు గదంతా తిరగదోడితే నా పని ఖతం. గవి ఏ స్తంభాలో అయ్యుంటయ్" అన్నాడు. పొలం నిండా కరెంటు స్తంభాలు ఎవరు పాతుతారని ఆవిడ అడిగింది. "నాకేం ఎరుక? రైతులకు చెట్లు లేవని మెసేజ్‌లు కూడా పోయినయ్. పొరపాటుందంటే సోమవారం దాక వాళ్లే చెప్పాలె" అన్నాడు.

మెసేజులు వెళ్లిపోయాయన్న సంగతి మాణిక్యాంబకి అప్పటిదాకా తెలీదు. తన పందిరి ఆఫీసు దాటి జనాల ఫోన్లలోకి వెళ్లిందన్నమాట.

"శనివారం హాపుడ్ వెళ్దాం" అంది ఇంటికి రాగానే.

"దేనికి?" అన్నాడు పద్మనాభం.

"నీడలు చూడ్డానికి."

ఆయన పేపరు దించి భార్య మొహం చూశాడు. పాతికేళ్ల అనుభవం వృథా పోలేదు. "పులిహోర చేస్తే వస్తా" అన్నాడు.

పొద్దున్నే మెట్రో దిగి, హైవే మీద బస్సెక్కి, ఆపైన షేర్ ఆటోలో, చివర కాలినడకన, ఫోన్‌లో మ్యాపు చూసుకుంటూ వెళ్లారు. గోధుమ చేలు రంగు తిరుగుతున్నాయి. మ్యాపు "వచ్చేశారు" అన్న చోట మాణిక్యాంబ నోరు తెరిచి నిలబడిపోయింది. ఎదురుగా మోటారు కొట్టు ఉంది. దాని పక్కన పొలం నిండా చెట్లు. నిటారుగా, నున్నగా, దారం పట్టి నాటినట్టున్న వరసల్లో, లేత ఆకుపచ్చ ఆకులు గాలికి తళతళలాడుతున్నాయి. కింద, ఆ వరసల మధ్య, గోధుమ.

"నువ్వు లేవన్నది వీటినేనా?" అన్నాడు పద్మనాభం. వెటకారం లేదు, ఆయన కూడా నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఫిబ్రవరిలో లేవండీ! నా కళ్లతో చూశాను. నెలన్నరలో మూడంతస్తులు ఎలా పెరుగుతాయి?"

ముందు మ్యాపుని అనుమానించింది. గట్టు మీద అటూ ఇటూ నడిచి, కొట్టుని నాలుగువైపులా చూసి, అదే కొట్టని రూఢి చేసుకుంది. తర్వాత చెట్ల కిందికి దూరింది. చేతికి తగిలిన బెరడు బూడిదరంగులో చల్లగా ఉంది. కాలికింద ఏదో మెత్తగా నలిగితే వంగి చూసింది. గోధుమ మొదళ్ల మధ్య నేలంతా నల్లబడిన ఆకులు, సగం మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. ఒకటి తీసి దులిపి, పైనున్న లేతాకు పక్కన పెట్టి చూసింది. అదే ఆకారం. పాతదీ, కొత్తదీ.

అప్పుడు వెలిగింది. ఢిల్లీలో ఆవిడకి తెలిసిన వేపలూ, నేరేళ్లూ చలికాలమంతా ఆకులతోనే ఉంటాయి. వేప రాల్చినా హోలీ వేళకే. లంకలో కొబ్బరి చెట్టు ఏ నెలలోనూ బోడిగా ఉండదు. జనవరిలో ఒంటిమీద ఒక్క ఆకు లేకుండా నిలబడే తోట ఒకటుంటుందని ఊహ కూడా లేదు. పైనుంచి చూస్తే ఆకుల్లేని సన్నటి కొమ్మల గుండా గోధుమ పచ్చదనమే కనిపించింది. చెట్టు కనబడలేదు, దాని నీడ మాత్రం కనబడింది. ఆ నీడని పట్టుకుని తను కాకరపాదు ఎక్కించింది.

"ఎవరు మీరు?" అని వెనక నుంచి గొంతు వినబడింది.

నలభై ఏళ్ల ఆడమనిషి, తలమీద కొంగు, చేతిలో కొడవలి. పేరు బిర్మావతి, పొలం వాళ్లదే. భర్త గాజియాబాద్‌లో టెంపో నడుపుతాడు, సేద్యం ఆవిడ చూసుకుంటుంది. మాణిక్యాంబ హిందీలో మూడొంతులు తెలుగుంటుంది. అయినా ప్రశ్నలకి అడ్డేముంది? ఇవేం చెట్లు? చెట్ల కింద గోధుమ ఎలా పండుతుంది? ఆకులన్నీ ఎప్పుడు రాలతాయి? బిర్మావతికి ఈ పట్నం మనిషి వింతగా తోచింది, కానీ తన చెట్ల గురించి ఇంత ఇదిగా అడిగినవాళ్లు ఎవరూ లేరు కాబోలు, కొడవలి గట్టున పెట్టి చెప్పింది. ఇవి పాప్లర్లు. గోధుమకి ఎండ కావలసిన చలికాలంలో ఇవి ఆకులు వదిలేస్తాయి. ఆకు మళ్లీ వచ్చేసరికి గోధుమ గింజ గట్టిపడుతుంది. రాలిన ఆకు నేలకి ఎరువు. జేఠ్ మాసపు ఎండల్లో చుట్టుపక్కల పొలాలన్నీ పొయ్యిలా మండుతుంటే, గొడ్లూ మనుషులూ వచ్చి ఇక్కడ కూర్చుంటారు. వచ్చే ఏడు నీడ చిక్కబడ్డాక గోధుమ మరీ తగ్గుతుంది, అప్పుడు పసుపు వేస్తుందట.

"పసుపా!" అంది మాణిక్యాంబ. "మా వైపు కొబ్బరితోటల్లో వేస్తారు, అచ్చం ఇలాగే నీడలో."

ఇద్దరికీ ఒక్కసారి చుట్టరికం కలిసినట్టయింది. ఇంతలో వరసల చివర మాటలు వినిపించాయి. ఇద్దరు మగవాళ్లు. ఒకతను టేపుతో చెట్ల నడుం కొలుస్తున్నాడు.

"ఎవరు వాళ్లు?"

బిర్మావతి మొహం మారింది. "కొలిచేవాడు కలప బేరగాడు. పక్కనున్నది మా మరిది సత్‌పాల్. పొలం మా ఇద్దరికీ చెరిసగం. ఇంకో మూడేళ్లు ఆగితే ఇవి ప్లైవుడ్ ఫ్యాక్టరీకి వెళ్తాయి దీదీ, మంచి ధర వస్తుంది. ఇప్పుడు కొడితే కట్టెల ధర. చెట్లు ఉంచితే ఏటా కొంత ఇస్తామని ఎవరో కంపెనీవాళ్లు రాసుకెళ్లారు. ఆ మాట మీద మా మరిదిని ఇన్నాళ్లూ ఆపాను. మొన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ పొలంలో చెట్లు లేవని." బిర్మావతి పైకి చూసి నవ్వింది, ఆ నవ్వులో ఏడుపుంది. "మేం నరికేశామా? ఎవరైనా ఎత్తుకుపోయారా? చూడండి, లేని చెట్లని కొనడానికి మనిషి కూడా వచ్చాడు."

పద్మనాభం భార్య వైపు చూడలేదు. గట్టు మీద దుమ్ములో చెప్పుతో ఏదో గీస్తూ నిలబడ్డాడు. మాణిక్యాంబకి చెవులు వేడెక్కాయి. ప్రశ్నలు అడగడమే గానీ జవాబు చెప్పుకోవలసి రావడం ఆవిడకి కొత్త.

"ఆ చెట్లు లేవని రాసింది నేనే" అంది.

బిర్మావతికి అర్థం కాలేదు. మాణిక్యాంబ ఫోన్‌లో ఫొటో తెరిచి, కొట్టు చూపించి, చారలు చూపించి, పందిరి సంగతంతా చెప్పింది. చెబుతుంటే తనకే ఎంత తెలివితక్కువగా వినిపించిందో! సత్‌పాల్ కూడా వచ్చి విన్నాడు. ఆవిడ అతని వైపు తిరిగి, "భయ్యా, సోమవారం దాకా ఆగండి. నేను సరిచేయిస్తాను" అంది.

సత్‌పాల్ చెడ్డవాడేం కాదు. విసిగిపోయినవాడు, అంతే. "నిన్న లేవన్నారు, ఇవాళ ఉన్నాయంటున్నారు. సోమవారం ఏమంటారో మీకే తెలీదు. మూడేళ్ల నుంచి ఈ నీడకి నా గోధుమ తగ్గుతోంది. కట్టెల ధరో ఏదో, ఈయన చేతిలో పెడుతున్నాడు" అన్నాడు. గోధుమ కోతలయ్యాక తన సగం కొట్టుకోమని బేరగాడికి మాటిచ్చి, బయానా పుచ్చుకున్నాడు.

బేరగాడు బిర్మావతి వైపు చూశాడు. ఆవిడ ఒక చెట్టుకి చెయ్యి ఆనించి, మాణిక్యాంబని పైనుంచి కిందికి చూసింది. "ఇంత దూరం నీడ కొలవడానికి వచ్చిన మనిషి అబద్ధం చెప్పదు. నా సగం అమ్మను" అంది.

తిరుగు ప్రయాణంలో పులిహోర డబ్బా మూత తియ్యలేదు. బస్సు నోయిడా చేరుతుండగా పద్మనాభం మెల్లగా, "ఫైలు నా బల్ల మీదికి రాకపోతే సమస్య లేదనుకుంటాను చూడు, అది ఒట్టి మాటే" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆ సంగతి ఒప్పుకోవడం అదే మొదలు.

సోమవారం మాణిక్యాంబ అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్లి, హ్యాండ్‌బ్యాగులోంచి నల్లబడ్డ ఆకూ, లేతాకూ తీసి శశిధర్ కీబోర్డు మీద పెట్టింది. పిల్లలందరూ వినేలా, "పందిరి నా తప్పు. అవి చెట్లు. మనం చారలున్న పొలాలన్నీ మళ్లీ తెరవాలి" అంది.

శశిధర్ తల పట్టుకున్నాడు. "ఆంటీ, గవి ఎన్నున్నయో తెల్సా?"

"తెలుసు. అన్నింటి మీదా 'చెట్లు లేవు' అని రాయించింది నేనేగా."

అతను ఆకులని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఫోన్ తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లి, పైవాళ్లతో చాలాసేపు మాట్లాడి, ఇంకొక్క వారం గడువు సంపాదించుకొచ్చాడు. "కానీ ఆకుల్లేని చెట్టుకి సున్నా ఎక్కడ చుట్టాలె?" అన్నాడు.

మాణిక్యాంబ దానికి ఆదివారమంతా ఆలోచించి పెట్టుకుంది. "నీడ ఎక్కడ మొదలైతే అక్కడ చెట్టు మొదలుంటుంది. అక్కడ చుట్టండి" అంది. ఆ వారమంతా పదిమందీ నీడల మొదళ్లు వెతుక్కుంటూ సున్నాలు చుట్టారు. చారలు చూసి "పందిరి హై" అన్నవాళ్లే "రుకో, పందిరి హై" అనడం మొదలుపెట్టారు. ఈసారి ఆ మాట వింటే ఆవిడకి సంబరం కలగలేదు.

ఏప్రిల్ ఆఖర్లో బిర్మావతి ఫోన్ చేసింది. "దీదీ, మా పొలంలోకి చెట్లు వచ్చేశాయట! మెసేజ్ వచ్చింది" అని పకపకా నవ్వింది. మాణిక్యాంబా నవ్వింది. నవ్వుతూనే, "సత్‌పాల్?" అని అడిగింది.

"గోధుమ కోసిన మర్నాడే కొట్టించాడు దీదీ. మాటిచ్చాడుగా. మెసేజ్ ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడేమో వచ్చే చలికాలంలో మళ్లీ నాటుతానంటున్నాడు, కొమ్మలు నన్నే ఇమ్మన్నాడు. నువ్వు జనవరిలో రా, బోడిచెట్లు చూద్దువుగాని."

"తప్పకుండా వస్తాను" అంది మాణిక్యాంబ.

మే నెలలో సరిచూసుకోవడానికి కొత్త ఫొటోలు వచ్చాయి. హాపుడ్ వైపువి శశిధర్ ఆవిడకే ఇచ్చాడు. మోటారు కొట్టుకి ఒకపక్క పచ్చటి గొడుగులు ఒకదాన్నొకటి ఆనుకుని, ముద్దగా ఉన్నాయి. రెండోపక్క ఎండకి తెల్లబడిన నేల. చారలు లేవు, నీడ లేదు. ఆవిడ ఫొటోని ఎంత పెద్దది చెయ్యగలదో అంత పెద్దది చేసి, ఆ నేలని ఈ చివర నుంచి ఆ చివరికి వెతికింది. ఆ పైన ఆ సగం మీద, మార్చిలో చూడకుండా రాసిన మాటే మళ్లీ రాసింది. చెట్లు లేవు. ఈసారి అది నిజం.